బెల్లం ముక్క

తెల్లారేసరికి మబ్బు కొండ దిగి
లాయంలో గడ్డిమోపు పక్కన కూర్చుంటుంది.
దాన్ని మోకాళ్ళతో నెట్టుకుంటూ వెళ్తాను.

చిట్టాలో అది నలభై మూడు.
నేను పిలిచేది నెబ్లీనా.
మంచు రంగు ఆడగుర్రం, కుడి చెవి కొసన గాటు,
వానొచ్చే ముందు నేలను ఒకటే గీకుతుంది.

పాముకు పాలు పోశావని ఎవరినో తిడుతుంది లోకం.
మేం గుర్రానికి పామును పోస్తాం,
మెడ తోలు కింద, కొలిచి,
చావుకు చాలనంత.
మా కోస్తారికాలో ఆ పాము పేరు ముఖమల్.
మెత్తని పేర్లను అప్పటినుంచీ నమ్మను.

వారాలు గడిచాక
ఆరు లీటర్లు సంచుల్లోకి దిగుతాయి.
పైకి తేరిన పసుపు మందుకు పోతుంది,
అడుగున పేరిన ఎరుపు దానికే మళ్ళీ ఎక్కిస్తాం.
"సగం తిరిగిచ్చేస్తున్నాం కదా, ఎవరీస్తో"
అంటాడు డాక్టర్ ఉల్లోవా,
తాకట్టు కొట్టువాడిలా కాదు,
నిజంగానే నొచ్చుకుంటూ.

మొదటి ఏడు, సూదికి ముందు
బెల్లం ముక్క పెట్టేవాణ్ణి.
అరచేతిలో ఉప్పు దాకా నాకేసేది.
రెండో ఏడు
బెల్లం వాసనకే మెడ నరం బిగిసింది.
మూడో ఏడు ఓ ఆదివారం,
సూది లేని రోజు, పెట్టి చూశాను.
మొహం గోడకు తిప్పుకుంది.
తీపిని నేనే విరిచేశాను దానికి.

సారపికీలో, అరటి గెల దించుతుంటే
మా చెల్లెలి కూతురు యోర్లెనీని
చీలమండ మీద కొట్టింది ముఖమల్.
వాపు మోకాలు దాటింది.
పన్నెండు సీసాలు పట్టాయి.
ఖాళీ సీసా ఒకటి తెచ్చుకుని
దీపం కింద తిప్పి తిప్పి చదివాను:
బ్యాచి అంకె, గడువు తేదీ, చల్లటి చోట ఉంచవలెను.
గుర్రం ఊసే లేదు.

యోర్లెనీ ఇప్పుడు కొంచెం కుంటుతూ
పెళ్ళిళ్ళలో డాన్సు కూడా చేస్తుంది.

మొన్న పట్నం నుంచి పశువైద్యం చదివే పిల్ల వచ్చి
"పాపమనిపించదా?" అంది.
"యోర్లెనీని అడుగు" అన్నాను.
నోరు మూయించాననే అనుకున్నాను.
రాత్రి మంచం మీద దొర్లుతుంటే తట్టింది,
అడగాల్సినవాళ్ళు ఇద్దరని.
రెండోది ఏళ్ళ కిందటే
గోడవైపు తిరిగి జవాబు చెప్పేసిందని.

అయినా పని మానలేదు.
నేను మానితే ముఖమల్ మానదు.
ఇది న్యాయమో, సాకో,
ఇరవై ఏళ్ళుగా గమేళాలు కడుగుతూ
తేల్చుకోలేకపోయాను.

ఈ వారం యాభై ఆరు వచ్చింది.
గోధుమ రంగు పిల్ల, ఇంకా పేరు పెట్టలేదు.
మూతి నా చొక్కా జేబులోకి దూర్చి వెతికింది.
ఇవాళ శుక్రవారం కనుక
ఒక ముక్క విరిచి పెట్టాను.
సోమవారం ఖాళీ చేతులతో వెళ్తాను.
సూదిని సూదిలాగే చూడనిస్తాను.
అంతకన్నా నిజాయితీ
నా దగ్గర ఉన్నట్టు లేదు.

అది ఇంకా వెతుకుతూనే ఉంది.
మిగిలిన ముక్క చెమటకు కరిగి
జేబు నిండా చీమలు.