తోక లెక్కలోకి రాదు

అయోవాలో వాయవ్య మూల. మార్చి.
మంచు ఇంకా పోలేదు, బురద మాత్రం వచ్చేసింది.
చెప్పకుండా వెళ్లాలి. అది నియమం.
చెప్పేది నేను కాదు,
కంకర రోడ్డు మీద దుమ్ము లేని రోజున కూడా
మైలు దూరం నుంచే నా తెల్లకారు చెప్పేస్తుంది.

గెరిట్ కోయికర్ తలుపు దగ్గరే ఉన్నాడు,
టోపీ తీసి, మళ్లీ పెట్టుకుని.
"కాఫీ తాగుతావా, మార్లిస్?"
"పనయ్యాక" అంటాను.
పనయ్యాక ఎప్పుడూ తాగను. ఆయనకు తెలుసు.
అయినా ఏటా అడుగుతాడు.

ఇది ఒకప్పుడు పందుల కొట్టం.
ధర పడిపోయిన ఏడు పందులు వెళ్లిపోయాయి,
అప్పు మాత్రం కొట్టంలోనే ఉండిపోయింది.
దాన్ని మేపడానికి కుక్కలొచ్చాయి.
నూట నలభై రెండు.

లోపల అడుగు పెట్టగానే
అన్నీ ఒక్కసారి లేస్తాయి.
అది మొరుగులా వినపడదు,
రేకుల కప్పు మీద వడగళ్లలా ఉంటుంది.
నేను చెవుల్లో దూది పెట్టుకుంటాను.
వాటి చెవుల సంగతి ఏ పేజీలోనూ లేదు.

చేతిలో టేపు, టార్చి. చంకలో ట్యాబ్.
లెక్క సులువే:
ముక్కు కొస నుంచి తోక మొదలు దాకా కొలువు,
ఆరంగుళాలు కలుపు,
వచ్చినదాన్ని దానితోనే హెచ్చవెయ్యి.
అంత నేల ఆ కుక్కది.
పైన, తల మీద, ఆరంగుళాల ఆకాశం.
తోక లెక్కలోకి రాదు.

ఇరవై మూడేళ్లుగా కొలుస్తున్నాను.
ఈ లెక్క రాసిన మనిషి ఎవరో తెలియదు.
కనపడితే ఒకటి అడగాలని ఉంది,
తోకను ఎందుకు వదిలేశావని.
వంకరదాన్ని కొలవలేక కాబోలు.

నలభయ్యో బోనులో నీళ్ల గిన్నెకు పాచి.
అలమరలో గడువు తీరిన మందు సీసా.
యాభై మూడులో తీగ ఒకటి లోపలికి తిరిగి ఉంది,
గెరిట్ జేబులోంచి పటకారు తీసి వంచేశాడు.
నా కళ్లముందే సరిచేస్తే
'సరిచేశారు' అని రాయాలి. రాశాను.
పటకారు ఎప్పుడూ జేబులోనే ఉంటుందా,
నా కారు కనపడ్డాక చేరిందా,
అది రాయలేదు.

నూట పదిహేడు. ఆడది. ఏడో ఈత.
పెదవి ఎత్తి చూస్తే పళ్లు సగం లేవు,
ఉన్నవాటి చుట్టూ చిగురు నల్లబడి
పాత నట్లకు పట్టిన జిడ్డులా.
'పశువైద్యుడికి చూపాలి. పధ్నాలుగు రోజులు.'
గెరిట్ నేల వైపు చూశాడు.
"తింటూనే ఉంది" అన్నాడు. "గిన్నె నాకేస్తుంది."
అబద్ధం కాదు.
మనిషి ఎలాంటివాడో రాయడానికి ఫారంలో గడి లేదు.
ఉన్నా, ఏం రాసేదాన్నో.

అప్పుడు చూశాను, బోను తలుపు వెనక,
నంబరు బిళ్ళకు కింద, సుద్దముక్కతో,
ఒక అక్షరం పెద్దగా, ఒకటి జారిపోతూ:
టిల్లీ.

"ఆనెక్ పని. మా మనవరాలు.
వద్దంటే వినదు." బొటనవేలు తడి చేసుకున్నాడు, చెరపడానికి.
"ఉండనీ. పేర్ల గురించి నియమమేమీ లేదు."

టేపు మళ్లీ చాపాను, అవసరం లేకపోయినా.
చాపుతూ పిలిచాను. మెల్లగా. వినికిడి పరీక్ష అనుకోండి.
ఇనుప గోడకేసి
టక్.
కొంచెం ఆగి, నమ్మాలో లేదో తేల్చుకున్నట్టు,
టక్ టక్ టక్.

కారులో హీటరు వేసి సంతకం పెట్టాను.
మూడు లోపాలు. ఒకటి సరిచేశారు.
కిటికీలోంచి కప్పు ఎత్తి చూపించాడు గెరిట్.
చెయ్యి ఊపాను.
ఆ చేతిలోనే ఉంది, ఎప్పుడు రాసుకున్నానో,
పెన్నుతో: పదకొండు అంగుళాలు.

తర్వాతి చోటు నలభై మైళ్లు. అక్కడ అరవై కుక్కలు.
వెళ్లేముందు చేతులు మోచేతుల దాకా కడుక్కోవాలి,
ఒక చోటిది ఇంకో చోటికి మోసుకుపోకూడదు.
అది నియమం.