వాకిట్ల పలుగు

ఏడేండ్ల కింద మా వాకిలికి సిమెంటు పోసిన కొంరయ్యే
ఇయ్యాళ పలుగు పట్టుకొని వచ్చిండు.
"పోసినందుకు అప్పుడు తీసుకున్న,
పగలగొట్టినందుకు ఇప్పుడు తీసుకుంట,
నాకేం నష్టం లేదమ్మా" అని
తలరుమాలు విప్పి మళ్లీ చుట్టుకున్నడు.

నష్టమంతా నాదే.
గేటు కాడి నుంచి గడప దాక
వేలెడు మట్టి కనపడొద్దని
ఆనాడు పట్టుబట్టింది నేనే.
బురద కాళ్లు ఇంట్లకు రావొద్దని,
చీపురుకు ఆకు తగలొద్దని.
ఎండకాలం రాత్రి పదింటికి కూడ
చెప్పుల్లేకుండ కాలు పెడితే
పెనం మీద పెట్టినట్టుండేది.
మూడు వందల ఎనభై ఫీట్ల కాడ
బోరు ఉత్తగాలి దగ్గుతుంటే
వాననీళ్లు మాత్రం మా ర్యాంపు మీద
జారుడుబండ ఆడుకుంట
నయీంనగర్ నాలాకు పోయేటివి.

మా ఆయన సదానందం సగం మాటకే ఒప్పుకున్నడు.
మిగిలిన సగానికి "బండి యాడ పెట్టాలె?" అన్నడు.
చక్రాలకు రెండు వరసల షాబాదు బండలు,
నడుమ మొరం, మొరంల గరిక.
కరెంటు బిల్లు ఎనక గీసి చూపెట్టిన.

మొదటి దెబ్బకు పలుగు ఎగిరిపడ్డది.
"థూ, ఇంత గట్టిగ ఎవడు పోసిండు" అని
కొంరయ్య తన పనితనాన్ని తనే తిట్టుకున్నడు.
మూడో పెచ్చు మీద కుక్కపిల్ల అడుగులు.
పచ్చి సిమెంటు తొక్కిందని
నేను కట్టె విసిరిన కుక్కపిల్లవి.
ఆ పెచ్చును గోడకు ఆనించి పెట్టమన్న.

ఇంకుడుగుంత నాలుగడుగులు దిగినంక
ఎర్రమొరం ఆగిపోయింది.
కింద నల్లటి ఒండ్రు,
జిగటగ, చల్లగ.
గంపల ఎత్తి పోస్తే తెల్లగ ఏవో మెరిసినయి.
నత్తగుల్లలు.
ముందు గుప్పెడు. తర్వాత చేటెడు.

కొంరయ్య పలుగు మీద గడ్డం ఆనించి
చానసేపు మాట్లాడలే.
"ఇది కుంట శిఖమమ్మా.
మా నాయిన ఈడ బర్లను కడిగేటోడు.
నేను ఈన్నే ఈత నేర్చిన.
మొరం ట్రాక్టర్లు వచ్చినప్పుడు
కూలికి సదును చేసింది కూడ నేనే."

మా రిజిస్ట్రీ కాగితంల
తూర్పున ప్లాటు నంబరు, పడమర ముప్పై ఫీట్ల రోడ్డు.
కుంట యాడా లేదు.
దాని పేరేందని అడిగిన.
"పేరేందమ్మా, కుంట."

పగిలిన వాకిలే గుంతకు అడుగైంది,
దాని మీద కంకర, మీద ఇసుక.
సబ్బుపొడి మానేసి కుంకుడు నురగతో బాసన్లు తోముతున్న,
ఆ నీళ్లు చేమగడ్డ తాగుతది, అరటి తాగుతది.
గోడ పొంటి ధర్మసాగరం గుట్ట మీది తంగేడు గింజలేసిన.
గునుగును మాత్రం ఎవరూ వెయ్యలే.
ఒండ్రు ఆరబోసిన కాడ అదే లేచింది,
ఇన్నేండ్లు ఏ చీకట్ల ముడుసుకొని పన్నదో.

"లాన్ ఏసుకోరాదు, కార్పెట్ లెక్క ఉంటది,
గీ పిచ్చిమొక్కలకు పాములొస్తయి"
గోడ మీంచి పుష్పలీల టీచరమ్మ.
వాళ్ల లాను దినాం రెండు డ్రమ్ముల నీళ్లు తాగుతది.
నేనేమనలే. ఆమె ట్యాంకరు నంబరు
నా ఫోన్ల కూడ ఉన్నది ఇంకా.

మిరుగం ఎల్లేలోపు ఒకనాటి నడిరాత్రి వాన.
గేటు దాటని నీళ్లను నేను మొదటిసారి చూసిన.
కాసేపు నిలబడ్డయి,
ఏదో గుర్తుచేసుకుంటున్నట్టు,
తర్వాత గుడగుడమని దిగిపోయినయి.
ఎన్నడు లేనిది కప్ప అరిచింది.
సదానందం టార్చి పట్టుకొని గొడుగుల వంగి వెతికిండు.
దొరకలే. మళ్లీ అరిచింది.

తెల్లారి చూస్తే
బండి స్టాండు మొరంల దిగబడి
అరటిచెట్టు మీదికి ఒరిగి ఉన్నది.
"చెప్పిన్నా, నేను ముందే చెప్పిన్నా" అనుకుంట
ఆయన హ్యాండిలు పట్టి లేపుతుంటే
గోడకు ఆనిచ్చిన పెచ్చు తెచ్చి
స్టాండు కింద పెట్టిన.
కుక్క అడుగులు పైకి ఉండేటట్టు.