సముద్రం ఏ పక్క

ఈసారి సెలవు పంతొమ్మిది రోజులు.
అందులో రెండు రోజులు జొహానెస్‌బర్గ్‌లో, ముంబయిలో
కుర్చీల మీదే పోయాయి.
మిగిలిన వాటిలో సగం
కోటవీధిలో మా నూకరత్నం అత్త వంటింట్లో,
రొయ్యపొట్టు వేగే పొగలో.

నిరుడు పాప పుట్టినప్పుడు
అత్తే వచ్చింది గాబరోన్‌కి, మూడు నెలలు.
"పేరులోనే గాబరా ఉంది, ఎలాగున్నావే ఆ ఊళ్లో"
అని టికెట్టు చేతపట్టుకుని ఫోన్లో ఒకటే నవ్వు.
దిగిన మర్నాడు వాకిట్లో నిలబడి
అడిగిన మొదటి మాట:
"సముద్రం ఏ పక్క?"
లేదన్నాను.
"నేదంటే? దూరమా?"
ఈ దేశానికే లేదత్తా.
ఇల్లు కొన్నాం గానీ దానికి తలుపు లేదన్నట్టు
చూసింది నా వంక.

ఆవిడకి దిక్కులు నాలుగు కావు, రెండే,
సముద్రం వైపు, కొండ వైపు.
ఒక ఆదివారం ఖాలే కొండ ఎక్కించాం.
పైన చుట్టూ తిరిగి, అన్ని పక్కలా తుమ్మపొదలే చూసి
"మన కైలాసగిరేనే, తూర్పు పక్క ఎవరో కోసేశారు" అంది.

గేటు దగ్గర కాపలా ముసలాయన మొలేఫే.
"దుమెలా రా" అన్నాను రోజూలాగే.
అత్త నా చెయ్యి గిల్లింది.
"తాతలాంటి మనిషిని పట్టుకుని రా అంటావేటే, సదువుకున్నదానివి!"
అక్కడ రా అంటే అయ్యా అని తెలిశాక
ఇక వదల్లేదు,
పాలబ్బాయిని, డాక్టరుని, బస్సు డ్రైవర్ని
మూడు నెలలూ తనివితీరా రా అంది.
మామయ్యని ఒక్కసారీ అని ఉండదు.

పక్కింటి కెలెబోగిలేకి తెలుగు రాదు,
అత్తకి తెలుగు తప్ప రాదు.
ఖాళీ స్థలంలో దానంతటది మొలిచిన తోటకూరని
ఆ చివరనుంచి ఆవిడ, ఈ చివరనుంచి ఈవిడ
కోసుకుంటూ వచ్చి మధ్యలో కలుసుకున్నారు.
ఆవిడ ఒక గిన్నెలో ఎండబెట్టిన పురుగులు తెచ్చింది.
ఏమిటో చెప్పాను.
అత్త వాసన చూసి
"మనం తినేవి మాత్రం తులసిదళాలేటి" అంది.
తినలేదులెండి.

నవంబరులో మొదటి వాన పడ్డప్పుడు
వీధి వీధంతా బయటికొచ్చి తడిసింది.
పులా, పులా అని కేకలు.
అత్త పూలకోసం వెతికింది.
వానంటే పులా, డబ్బన్నా పులాయే ఇక్కడ,
నా జీతం కూడా పులాల్లోనే అంటే
నమ్మలేదు.
హుద్‌హుద్‌లో ఇంటి రేకులు
పోర్టు వైపు ఎగిరిపోతుంటే చూసిన మనిషి.
వానకి ఎదురెళ్లి నిలబడేవాళ్లని
గుమ్మంలోంచే చూసింది చాలాసేపు.

ఇప్పుడు కురుపాం మార్కెట్లో
చేపలమ్మే పైడితల్లిని "దుమెలా మ్మా" అని పలకరిస్తుంది.
"దుమెలా దుమెలా, వంజరం తాజాది, తీస్కో"
అంటుంది పైడితల్లి, అర్థం అడక్కుండా.

నాకే ఇక్కడ తడబాటు.
మందుల షాపులో, బాగున్నారా అని ముందు అడుగుదామని
అతను తలెత్తేదాకా ఆగుతాను.
ఈలోపు నా భుజం మీంచి మూడు చేతులు
మాత్రలు పట్టుకుపోతాయి.

వెళ్లేరోజు
ఎండ్రొయ్యలు ఏడు కవర్లలో చుట్టింది.
కస్టమ్స్ వాళ్లు పారేస్తారత్తా అన్నాను.
"నీకు కాదు, కేలమ్మకి" అంది,
పరాయివాళ్ల సామానుకి తనిఖీ ఉండనట్టు.

ఆటో ఎక్కాక వాన.
వైపరు పనిచెయ్యడం లేదు, డ్రైవరు తిట్లు ఆపడం లేదు.
అత్త పాపని నా ఒళ్లోకి జరిపి
చెయ్యి బయటికి చాపి, మెల్లిగా
"పులా" అంది.

"పూలా? పూర్ణా మార్కెట్టు దాటిపోయాం కదమ్మా!"

"వెనక్కి తిప్పు మరి" అంది అత్త.
ఫ్లయిటుకి టైమవుతోందని
నేనూ అనలేదు.