చివరి పేజీ నియమం

మంగళవారం సాయంత్రాలు పోర్ట్‌నాకీ లైబ్రరీ మేడమీద
తొమ్మిదిమందికి కథ రాయడం నేర్పుతాను.
హీటరు ఒకవైపే రాజుకుంటుంది.
ఆ వైపు కుర్చీల కోసం పెద్దవాళ్లు అరగంట ముందే వస్తారు.

మొదటిరోజే బోర్డు మీద రాస్తాను:
చివరి పేజీలో ఎవరూ ఆకాశం నుంచి దిగకూడదు.
చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి.
ముడి వేసింది మీరు, విప్పాల్సిందీ మీరే.
విప్పలేకపోతే ముడినే చూపించండి.

ఇరవై రెండేళ్లుగా ఇదే చెబుతున్నాను.
ఇరవై రెండేళ్లుగా ఆదివారం పొద్దున
రేవు పక్క ప్రార్థన హాల్లో తలకి స్కార్ఫు చుట్టుకుని
మూడోనాడు రాయి దొర్లిందని
గొంతెత్తి పాడుతున్నాను.
రెండు గదుల మధ్యా ఉన్నది నాలుగొందల అడుగులు,
మూతపడ్డ చేపల గోదాము.
దాటేటప్పుడు ఒక్కసారీ ఆగి చూసుకోలేదు.

మా నాన్న హెరింగ్ పడవ నడిపేవాడు.
నా చేతిలో కథల పుస్తకం కనిపిస్తే
కోప్పడేవాడు కాదు, అడిగేవాడు:
‘ఇది జరిగిందా, ఎల్స్‌పెత్?’
లేదు నాన్నా.
‘మరి జరిగినట్టు ఎందుకు చెబుతున్నాడు?’
రాత్రి భోజనాలయ్యాక ఆయనే
తప్పిపోయిన గొర్రె గురించీ,
ఒక్క నాణెం కోసం దీపం పెట్టి ఇల్లంతా ఊడ్చిన ఆవిడ గురించీ
కళ్లద్దాలు సర్దుకుంటూ చదివి వినిపించేవాడు.
ఆవిడ పేరేమిటి, ఏ ఊరు అని
అడగాల్సింది.
అడగలేదు.

నవంబర్లో డోడ్ స్లేటర్ కథ తెచ్చాడు.
డెబ్బై ఒకటి నిండాయి. వలలు అల్లిన వేళ్లు,
పెన్సిల్నీ సూదిలాగే పట్టుకుంటాడు.
పదకొండు పేజీలు.
పదింటి నిండా గాలి, ఇంజిను, డీజిల్ వాసన,
రేడియోలో కుర్రాడి గొంతు, తర్వాత గరగర.
సముద్రం అనే మాట ఒక్కచోటా వాడలేదు. ‘అది’ అన్నాడు.
పదకొండో పేజీలో
తలుపు తోసుకుని కుర్రాడు లోపలికొస్తాడు,
బూట్లు గుమ్మం దగ్గర విడిచి
‘టీ ఉందా?’ అంటాడు.

ఎవరూ కదల్లేదు.
ఆ పడవ పేరు ఈ ఊళ్లో పిల్లలకి కూడా తెలుసు.
‘డోడ్, పదో పేజీలోనే కథ అయిపోయింది’ అన్నాను.
‘మిగిలింది కోరిక.’

ఆదివారాలు నా వెనక బల్ల ఆయనదే.
‘మీరు పాడుతుంటే వింటాను’ అన్నాడు మెల్లిగా.
‘అక్కడ పదకొండో పేజీ కొట్టెయ్యరుగా.’

కప్పులో ఎవరిదో చెంచా తగిలింది.
జవాబులు లేకపోలేదు.
నమ్మకం వేరనీ, పనితనం వేరనీ,
ఒకటి దొరికేదనీ, ఒకటి చేసేదనీ.
నా విద్యార్థి ఎవరైనా అలా రాస్తే
‘మనుషులు ఇలా మాట్లాడరు’ అని పక్కన గీత గీస్తాను.
కథ ఎక్కడికీ వెళ్లలేదు.
మేం ఇంటికి వెళ్లాం.

ఆ రాత్రి కాగితాలు మళ్లీ తీశాను.
ఎలా దాటేశానో, ఒక వాక్యం:
బూట్లు పొడిగా ఉన్నాయి.
కథలో తండ్రి అది చూస్తాడు.
చూసి, రెండు కప్పులు దించి
రెండింట్లోనూ టీ పోస్తాడు.
ఏమీ అనడు.

ఆయనకి తెలుసు. పెన్సిలు పట్టకముందే తెలుసు.
తెలిసే తలుపు గడియ తీసి ఉంచాడు.

కాగితాలు తిరిగి ఇచ్చేశాను, ఒక్క కామా సరిచేసి.
బోర్డు మీద నియమం తుడవలేదు.
దాని కింద ఏం చేర్చాలో తోచక
సుద్దముక్క కోటు జేబులో వేసుకున్నాను.

ఆదివారం, రాయి దొర్లే చరణం దగ్గర
మొదటిసారి నా గొంతు తడబడింది.
అనుమానం కాదు.
ఆ తోటలో, ఆ తెల్లవారుజామున,
ఆయన పాదాలకి మంచు అంటిందా అని చూస్తున్నాను.
వెనక బల్లలోంచి డోడ్ గొంతు
అర మాత్ర ఆలస్యంగా,
ఎప్పట్లాగే.