తాడు పట్టినవాడు

మా కొండకు మెట్లు లేవు.
ఎద్దు తోళ్లు పేని చేసిన తాడొకటి వేలాడుతుంది,
అదే దారి.
వెనక మఠం, కింద తిగ్రాయ్ మొత్తం,
అంచు మీద నేను, కిరోస్‌ని,
పదిహేడేళ్లుగా తాడు లాగేవాణ్ణి.

మొదటి సన్యాసిని ఒక పాము
ఒంటికి చుట్టుకుని పైకి చేర్చిందని గోడ మీద బొమ్మ.
ఎర్రటి పాము, కళ్లు పెద్దవి, బాగానే ఉంటుంది.
కానీ పట్టు సంగతి నాకు తెలుసు.
పాము ఒళ్లు జారుడు. దాంతో ముడి పడదు.
ఈ మాట మఠంలో ఎవరితోనూ అనలేదు. అమ్మతో అన్నాను.
"దేవుడు వేస్తే పడిందేమో, నీకెందుకు," అంది
బార్లీ చెరుగుతూ.

ఆడవాళ్లను పైకి రానివ్వరు.
ఆడ మేకను, పెట్టకోడిని కూడా.
లెతెబ్రహన్, నన్ను కన్న మనిషి,
పండగ పండక్కీ కొండ మొదలు దాకా వచ్చి
రాతికి ముద్దు పెట్టి వెనక్కి నడిచేది.
అక్కడ రాయి నున్నబడి నల్లగా మెరుస్తుంది,
ఎందరి పెదవులో.
"పైన ఏముందిరా?" అని ఒకసారి అడిగింది.
"నాచు పట్టిన నీటి తొట్లు, ఈగలు,
రాత్రంతా దగ్గే ముసలాళ్లు."
నవ్వింది. "అక్కడా దగ్గేనా."
కాసేపాగి, "ప్రార్థన?" అంది.
తెల్లారగట్ల నాకర్థం కాని గీజ్ భాషలో మొదలుపెడతారనీ
నాకు నిద్ర ఆగదనీ చెప్పలేదు.
"ఉంది," అన్నాను.

అంచు దగ్గర కొండ కడుపు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది.
ఎక్కే మనిషి నాకు కనబడడు,
నేనతనికి కనబడను.
బరువొక్కటే తెలుస్తుంది.
భయపడే బరువుకు తాడు సన్నగా వణుకుతుంది.
గొప్పలు పోయే బరువు అటూ ఇటూ ఊగుతుంది.
పాపం చేసి వచ్చిన బరువంటూ వేరే ఉండదు,
నేనైతే చూళ్లేదు.
సగంలో అందరూ ఒకటే అరుస్తారు:
"ఉన్నావా?"
కొత్తలో "ఉన్నా, ఉన్నా" అని గొంతు చించుకునేవాణ్ణి,
గాలి ఎగరేసుకుపోయేది.
ఇప్పుడు పలకను. ఒక జానెడు బిగిస్తాను.
అప్పుడు నేనేమన్నా ధ్యానంలో ఉంటానా?
మోకాలి నొప్పి, మధ్యాహ్నం తిండి, చెవిలో దూరే ఈగ.
కింద ఒకడు ప్రాణమంతా తెచ్చి
నా అరచేతుల్లో పెట్టాడన్న ఊసే ఉండదు.
చేతులకు ఉంటుంది. నాకు ఉండదు.

ఎక్కినవాళ్లు సాధారణంగా దిగరు.
అబ్బా బెర్హే దిగాడు, కంటి శుక్లాలకు, ఆస్పత్రికి.
నడుముకు పట్టీ కడుతుంటే నా చెవిలో అన్నాడు:
"నలభై రెండేళ్లు చెవి ఒగ్గి కూచున్నాను కిరోస్.
అవతల నుంచి ఒక్కసారీ ఏమీ వినబడలేదు."
ముడి నా చేతిలో సగంలో ఉంది.
ఏమనాలి?
"గట్టిగా ఉందా?" అన్నాను, పట్టీ గురించే.
"గట్టిగానే ఉంది," అన్నాడు,
దేని గురించో.
నెల తిరిగాక నల్లద్దాలు పెట్టుకుని మళ్లీ ఎక్కాడు.
ఎందుకొచ్చావని నేనడగలేదు.
సగంలో ఆయన "ఉన్నావా" అనలేదు.
అది మాత్రం గమనించాను.

నెలకో బార్లీ సంచి పంపేది అమ్మ.
ఆమె ముడి నాకు తెలుసు,
ఎడమచేతి వాటం, చివర ఒక అనవసరపు మెలిక.
చీకట్లో వేలు పెట్టినా తెలిసేది.
యుద్ధం వచ్చింది. తాడు పైకి లాగి చుట్టిపెట్టాం.
ఎనిమిది నెలలు కొండ కొండలాగే ఉంది, దారి లేకుండా.
మళ్లీ వదిలిన రోజు
మొదట ఎక్కినవాడు అమ్మ కబురు తెచ్చాడు,
ఏ గుంటలో పెట్టారో వాడికీ తెలియదు.

నిన్న ఒక సంచి వచ్చింది.
అదే ముడి. అదే మెలిక.
ఎవరికైనా నేర్పిందేమో.
ఎడమచేతి వాళ్లందరూ ఇలాగే కడతారేమో.
విప్పాలి, వంటవాడు పిండికోసం అరుస్తున్నాడు.
విప్పకుండా అంచు దాకా పాకి,
పదిహేడేళ్లలో మొదటిసారి,
నేనే కిందికి అరిచాను.

గాలి.
ఆ తర్వాత తాడు కదిలింది.
ఇంకో సంచి కట్టారో, మేక ఏదైనా ఒరుసుకుందో.
లేచి, మడమలు రాతికి తన్నిపెట్టి,
లాగడం మొదలుపెట్టాను.