గడి ఖాళీగా ఉండకూడదు

మార్చి నెలాఖరు. జోర్హాట్‌లో
బర్దైసిలా గాలి కిటికీ రెక్కల్ని బాదుతోంది.
పుట్టింటికి ఉరికే పిల్ల అంటారు మావాళ్లు దాన్ని.
దారిలో ఎవరి ఇంటి రేకులు లేచిపోయినా ఆగదు.

నేను తిలేశ్వర్ చాంగ్‌మాయ్‌ని,
విశ్వవిద్యాలయంలో లెక్కల గుమాస్తాని.
డబ్బు లెక్కలు కావు, బుర్రల లెక్కలు.
ఎవరెన్ని పత్రాలు అచ్చేశారు,
ఎవరి పత్రాన్ని ఎందరు తలుచుకున్నారు,
ఏ పత్రిక బరువెంత.
చదువుని తూచే కాటా ఒకటి నా బల్ల మీదుంది,
దాని మీద ఢిల్లీ వాళ్ల ముద్ర.

రసాయనశాస్త్రం: డెబ్భై ఒకటి.
తేయాకు పురుగుల విభాగం: నలభై.
భౌతికశాస్త్రంలో ఒక్క మనిషే ఇరవై ఆరు,
రెండు వారాలకొకటి చొప్పున.
మా బాతులైనా వానాకాలం గుడ్లు మానేస్తాయి,
ఈయన మానడు.

జంతుశాస్త్రం, నిజరా పెగూ:
గడి ఖాళీ.

ఖాళీ గడిని కంప్యూటరు ఒప్పుకోదు.
ఎర్రబడి, తప్పంతా నాదే అన్నట్టు చూస్తుంది.
ఫోన్ చేశాను.
"సున్నా వేసెయ్యండి దాదా" అంది.
ఏమనుకుందో, సాయంత్రం తనే వచ్చింది,
మోకాళ్ల దాకా ఎండిన బురద,
బస్తా సంచిలో పద్దెనిమిది నోటు పుస్తకాలు.

మజులీ అవతల ఒక చిత్తడి మడుగు.
అందులో ఉండాల్సిన ఒక చేప, చిటికెన వేలంత.
దాని పేరు మిసింగ్ మాటలో చెప్పింది.
నాకు రాయడం చేతగాక
చిన్న చేప అని రాసుకున్నాను.
ఆరేళ్లు వల వేసింది దానికోసం.
ఒక వరదలో వల పోయింది, ఇంకో వరదలో పడవే పోయింది.

పుస్తకం తెరిచి చూపించింది.
తేదీ. నీటి లోతు. నీటి వేడి. చేపలు: లేవు.
తేదీ. లోతు. వేడి. లేవు.
ఒక పేజీలో జలగ తాగగా మిగిలిన నెత్తురు చుక్క,
ఇటుక రంగులో ఎండిపోయి.
దాని పక్కన కూడా, లేవు.

"మొదటి ఏడాదే తెలిసిపోయుంటుందిగా?"
"మొదటి ఏడాది నాకు కనబడలేదు, అంతే.
రెండో ఏడాది నా వల మీద అనుమానం.
నాలుగో ఏడాది నా మీద.
ఉంది అనడానికి ఒక్క చేప చాలు దాదా.
లేదు అనడానికే ఆరేళ్లు పట్టింది."

పడవ నడిపే బొలిన్ దొలే
మొదటి రోజే చెప్పాడట, తెడ్డు ఆపకుండా:
మా నాన్న పోయిన ఏడు నుంచీ లేదమ్మా అది.
"మరి అదే రాయకపోయావా?"
"రాశాను. మొదటి పేజీలో.
రుజువు కావాలన్నారు."

రుజువు తెస్తే మూడు పత్రికలు తిప్పి పంపాయట.
ఒకరు ఒకే ముక్క రాశారట, ఫలితమేమీ లేదని.
చెప్పి నవ్వింది.
నాకు నవ్వు రాలేదు.
ఎర్ర చాయ్ తెప్పించాను, పంచదార ఎక్కువైంది.

ఆ రాత్రి కంచంలో, ఔ టెంగా పులుసులో
చేప ముక్కని అటూ ఇటూ తిప్పాను.
చిన్నప్పుడు అమ్మ పిడికెడు పోసేది ఆ చిన్నవి,
ముల్లుతో సహా నమిలేవాళ్లం.
ఎప్పట్నుంచి మానేశాం? ఎవరం మానేశాం?
నా దగ్గర తేదీ లేదు.
నేను ఏ పుస్తకమూ పెట్టలేదు.

మర్నాడు ఆ గడిలో "లేవు" అని కొట్టాను.
అంకెలు మాత్రమే, అంది కంప్యూటరు.
పద్దెనిమిది కొట్టాను.
పచ్చబడింది.
చెరిపి సున్నా కొట్టాను.
దానికీ అంతే పచ్చన.

నది ఒడ్డు ఇల్లు, వానలకి తడుస్తాయని
ఆమె పుస్తకాలు నా దగ్గరే వదిలి వెళ్లింది.
ఎలుకలు దూరని అర ఒక్కటే ఉంది బీరువాలో.
బడ్జెట్ ఫైళ్లు కిందికి దించాను.
తాళం రిజిస్టర్లో, తేదీ వేసి,
నా చేతిరాతతో రాశాను:
నోటు పుస్తకాలు, పద్దెనిమిది.
ఉన్నాయి.