గడప లేని దర్వాజ

అంకీసల పాస్టరు ఇస్సాకు
సైకిలు దిగకుండనే కొలతలు చెప్పిండు:
ఎత్తు ఏడున్నర, వెడల్పు ఐదు.
"గంత వెడల్పెందుకు సారూ, ఏనుగొస్తదా?"
ఆయన నవ్వలే.
"పెట్టె బయటికి పోవాలె.
అటు ముగ్గురు, ఇటు ముగ్గురు,
మోసెటోళ్ల భుజాలు చౌకట్టుకు ఒరుసుకోవద్దు."

పెన్సిలు చెవి మీద పెట్టుకొని, మళ్లా తీసి
నేనే రెండంగుళాలు కలిపిన.
మా దిక్కు మనుషులు సచ్చినంక బరువైతరు.

సిరొంచ డిపోల ఆరేండ్లు ఎండిన ఆలాపల్లి టేకు,
రంపం పడంగనే ఇంకా అడివి వాసనే.
రెండు రెక్కలు. బయటికే తెరుచుకోవాలన్నడు.
"లోపల నూరు మంది ఉంటరు,
ఒక్కపారి ఉరికే దినం వస్తే..."
మాట అక్కడ ఆపి
సైకిలు గంటను బొటనవేలితో తుడిచిండు.

అన్నిటికీ సరేనన్న.
"గడప మాత్రం వద్దు" అన్నంక కొట్లాట.

మా నాయిన ఓదేలు నాకు ముందుగాల నేర్పింది గడపనే.
మిగిలిన మూడు కమ్ములు దాని మీద బతికేటివేనట.
గడప లేనిది దర్వాజ ఎట్లైతది? గోడకు బొంద.
పసుపు యాడ పూస్తరు?
చెప్పులు యాడ ఆగుతయి?
దేవుడే వచ్చిండనుకో,
కాలు యాడ ఎత్తుతడు?
నాలుగు దినాలు ఉలి ముట్టలే.

ఐతారం పొద్దుగాల, పాత రేకుల చర్చి ముంగట
టేకు పైసలు అడుగుదామని నిలబడ్డ.
తానుబాయి వచ్చింది,
నాలుగు బేరింగుల పలక మీద
అరచేతులతో నేలను ఎనుకకు తోసుకుంట.
గడప కాడ ఆగింది.
లోపల పాట మొదలైంది.
ఎవలో ఒకలు యాదికొచ్చి లేచి వచ్చెదాంక
రెండు చరణాలు ఆమె ఎండలనే పాడింది.

పైసలు అడగలే.

ఇంటికొచ్చి గడప కోసిన. పసుపు పూసిన.
కొత్త చర్చి కాడ నేల మట్టానికి దించి పాతిన.
అరచెయ్యి పెట్టి రాసి చూసిన, యాడా తగలలే.
ఇస్సాకు పక్కనే నిలబడి చూసిండు.
పసుపు సంగతి ఆయనా అడగలే.

మిర్గం వానకు నీళ్లు సక్కగ లోపలికే వచ్చినయట.
చెప్పిన కదా, చెప్పిన కదా, అని గొణుక్కుంట
పార పట్టుకొని పోయిన, బయట కాలువ తియ్యాలె.
రెక్కలు రెండూ బార్ల తెరిచి ఉన్నయి.
తడి నేల మీద రెండు సన్నని గీతలు
వాకిట్ల నుంచి ముందు బల్ల దాంక.

చెప్పులు యాడ ఇడవాల్నో తెల్వక
శానసేపు నేనక్కడనే నిలబడ్డ.